ఎండ్రికాయ ఎంత పెరిగింది?

ఆరున్నర వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదాన్ని చూసి రావడానికి నేను చేసిన ప్రయాణం మొత్తం పదిహేడు కిలోమీటర్లు. ప్రగతి నగర్‌లో బయల్దేరి, కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి. మూడు రోజులు పట్టింది. ట్రాఫిక్ అంటే హైదరాబాదులో ఎవరైనా నమ్మేస్తారు గానీ, అసలు కారణం ఓబులేసు.

ముందు ఆ దూరపుదాని సంగతి చెప్పాలి. ఒక నక్షత్రం పేలింది. ఆ వెలుగు దాదాపు వెయ్యేళ్ళ కింద మన దాకా వచ్చింది. పట్టపగలు కూడా కనిపించిందట. చైనావాళ్ళు రాసిపెట్టుకున్నారు, మనవాళ్ళు ఆ రోజు వేరే పనిలో ఉన్నట్టున్నారు. పేలుడు తాలూకు పొగ ఇప్పటికీ విచ్చుకుంటూనే ఉంది. టెలిస్కోపులో చూసిన ఎవరికో అది కాళ్ళున్న ఎండ్రికాయలా అనిపించిందని ఆ పేరే స్థిరపడింది. పిల్లల కోడి చుక్కల గుంపు నుంచి ఎర్రటి రోహిణి మీదుగా తూర్పుకు వెళ్తే, వృషభ రాశిలోని ఎద్దు కొమ్ము చివర ఉంటుంది. మామూలు కంటికి కనిపించదు. కెమెరాకు కూడా బతిమాలితేనే కనిపిస్తుంది.

పదేళ్ళ కింద మేం ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, మా ఫిజిక్స్ సారు తన టెలిస్కోపు, కెమెరా మాకిచ్చి ఒక మాటన్నాడు: "ఇప్పుడొకటి తీయండి. పదేళ్ళాగి మళ్ళీ తీయండి. ఒకదాని మీద ఒకటి పెడితే, అది పెరిగింది మీ కళ్ళకే కనిపిస్తుంది." పదిహేడేళ్ళవాళ్ళకు పదేళ్ళంటే దాదాపు కాంతి సంవత్సరాలే. సరేనని ఒట్టు పెట్టుకున్నాం. మేమంటే నేను, ఓబులేసు.

గచ్చిబౌలిలో అప్పుడే లేస్తున్న ఎనిమిదంతస్తుల బిల్డింగుకు మా నాయిన వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చినప్పటి నుంచీ మాకు సొంతిల్లు లేదు గానీ, ఈ వైపు సగం ఆఫీసుల్లో మేం కాపురమున్నాం, వాటికి గోడలు రాకముందు. ఓబులేసు వాళ్ళ నాన్న అదే బిల్డింగుకు తాడిపత్రి బండలు లారీల్లో తెచ్చేవాడు. వాళ్ళది అనంతపురం వైపు. పగలు కాలేజీలోనూ సాయంత్రం బండల లోడు మీదా కలిసేవాళ్ళం. ఆ టెర్రస్ మీదే మొదటి ఫోటో తీశాం. చుట్టూ గుండ్రాళ్ళు, సీతాఫలం పొదలు, దూరంగా నాలుగైదు లైట్లు. ఆ లైట్లనే చూసి "ఛీ, ఏం వెలుతుర్రా" అని విసుక్కున్నాం. ఎంత అమాయకులం.

ఫోటో ఓబులేసు హార్డ్ డిస్కులో ఉండేది. మూడేళ్ళ కింద, ప్రగతి నగర్‌లో ఇద్దరం ఒకే రూములో ఉన్నప్పుడు, దాని కోసం వెతికాను. దొరకలేదు. డిస్కు నిండా సినిమాలు. "నీ సినిమాలకు జాగ చాలలేదని మన ఎండ్రికాయను తుడిచేసినవ్ గదరా" అన్నాను. అతను లేచి తిన్న ప్లేటు కడుక్కున్నాడు. మరునాడు కొత్తగూడకు మారిపోయాడు. మాటల్లేవు.

ఈ ఫిబ్రవరికి పదేళ్ళు. పాత ఫోటో లేకపోతే కొత్తది తీసి లాభం లేదు. అది ఉంటే గింటే అతని దగ్గరే ఉండాలి. పైగా ఆ బిల్డింగులో ఇప్పుడు ఆఫీసులున్నాయి. టెర్రస్ మీదికి ఒంటరిగా ఎవరినీ పంపరు, ఇద్దరుండాలని రూలు. పదకొండు మెయిళ్ళ తర్వాత ఆదివారం సాయంత్రానికి అనుమతి వచ్చింది. రెండో మనిషి పేరూ ఫోన్ నంబరూ అడిగితే ఓబులేసువి రాశాను. ఆ విషయం అతనికి చెప్పలేదు. మాటల్లేవని చెప్పాను కదా.

ప్రగతి నగర్: శుక్రవారం

పరీక్ష కోసం మా ఇంటి టెర్రస్ మీదే ఒకసారి టెలిస్కోపు బిగించాను. చెరువు మీది నుంచి తేమ వచ్చి అద్దం మీద కూర్చుంది. ఎదురుగా ఫంక్షన్ హాలులో ఎవరిదో పెళ్ళి. ఆకుపచ్చ లేజరు కిరణాలు నేరుగా వృషభ రాశిలోకే కొట్టారు. ఎద్దు కదల్లేదు.

మా ఓనరు ఆంటీది భీమవరం. ఆరేసిన మిరపకాయలు తీసుకోవడానికి పైకొచ్చారు.

"ఏం తీస్తున్నారు మల్లేశ్ గారూ?"

"ఎండ్రికాయనండి."

"అంటే?"

"పీత."

ఆవిడ గొట్టం వైపు, తర్వాత చెరువు వైపు, మళ్ళీ నా వైపు చూశారు. "చెరువు అటండీ. మీరు పైకి పెట్టారు."

ఆదివారం దాకా తిరిగి రానని చెప్తే మాత్రం ఆవిడ కంగారుపడ్డారు. అమావాస్య ముందు ప్రయాణాలేమిటని. మా దిక్కు అమావాస్యను ఇంతగా పట్టించుకోరు. నాకైతే చంద్రుడు లేని ఆ రెండు రోజులే ముహూర్తం. చివరికి రాజీగా, బయల్దేరే ముందు చెంచాడు పెరుగు తినిపించి పంపారు. ఖగోళశాస్త్ర చరిత్రలో పెరుగు పాత్ర గురించి ఎవరూ రాసినట్టు లేదు.

సర్దుతుంటే అటక మీద ఓబులేసు వాళ్ళమ్మ స్టీలు డబ్బా కనిపించింది. మూత మీద వాళ్ళ ఇంటిపేరు చుక్కలతో కొట్టించి ఉంది. ఎప్పుడో శనగల పొడితో వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మూడేళ్ళుగా నాకు కావలసిన సాకు అటక మీదే ఉందన్నమాట. కానీ ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు. కింద స్వగృహ ఫుడ్స్‌లో సకినాలు కొన్నాను. పావుకిలో నూట ఇరవై. మా అమ్మ వింటే సకినాలకు కాదు, నాకు దిష్టి తీసేది.

దారిలో: శనివారం

బైక్ టాక్సీ అబ్బాయి గొట్టాన్ని చూసి రైడు రద్దు చేసుకున్నాడు. రెండో అతను రద్దు చేసుకునే ముందు ఫోటో తీసుకున్నాడు. ఆటో దొరికింది. డ్రైవరన్నది వరంగల్ పక్క పల్లె.

"అన్నా, గీజరు రిపేరుకా?"

"గీజరు గాదన్నా, టెలిస్కోపు. చుక్కలు సూడనీకి."

"చుక్కలా?" అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు. "జర నిజాంపేట్ చౌరస్తా దాకా ఆగు. సక్కగ కనబడ్తయ్."

అన్నట్టే అక్కడ నలభై నిమిషాలు ఆగాం. దిగేటప్పుడు మూడొందల యాభై ఇచ్చాను. "ఫికర్ జెయ్యకు, నీ గీజరు మంచిగైతది" అని దీవించి వెళ్ళాడు.

కొత్తగూడ: డబ్బా

ఫ్లైఓవర్ పక్కన నాలుగో అంతస్తు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే బస్సులో వాళ్ళకు టీ అందించవచ్చు. ఓబులేసు తలుపు తీసి, నన్నూ నా భుజం మీది గొట్టాన్నీ చేతిలోని డబ్బానూ వరసగా చూశాడు.

"మా అమ్మ డబ్బా," అన్నాడు.

"అవు. ఇయ్యనీకొచ్చిన."

"మూడేండ్లకు జ్ఞాపకమొచ్చెనా?"

"సకినాలు దొరకలే గిన్ని రోజులు."

"ఆ గొట్టం గూడా మా అమ్మదేనా?"

లోపలికి వెళ్ళాను. అతను సకినం విరిచి నమిలాడు. మెచ్చుకోలేదు, ఆపనూ లేదు. హార్డ్ డిస్కు అడిగితే అలమరలోంచి తీసి నా ముందు పెట్టాడు. అదే డిస్కు, అదే పగిలిన మూల.

వెతికాను. ఇంగ్లిషు అక్షరాల్లో 'ఎండ్రికాయ' అని కొట్టాను. లేదు. వాళ్ళ వైపు అన్నట్టు 'ఎండ్రకాయ' కొట్టాను. లేదు. అచ్చంగా ఇంగ్లిషు పేరు కొట్టాను. లేదు. తేదీతో వెతుకుదామంటే సారు కెమెరాలో తేదీ ఎప్పుడూ పెట్టలేదు. ఫోటోలను మాత్రమే చూపించమంటే వేలకు వేలు వచ్చాయి, అన్నీ వాళ్ళ బంధువుల గృహప్రవేశాలు. ఓబులేసు నా వెనక నిలబడి తెరను కాకుండా నా తలను చూస్తున్నాడు.

"నేను తుడపలేదు. అప్పుడూ చెప్పాలనుకున్నా, ఇప్పుడు చెప్తాండా."

"మరి ఏడికి పోయింది రా?"

"నాకేం తెలుసు? జేబులో పెట్టుకోని తిరుగుతాండానా?" మళ్ళీ తనే అన్నాడు, "ఫైలు పోయినందుకు గాదురా నేను పోయింది. ఆ పొద్దు నన్ను దొంగ మాదిరి చూసినావు. ఏడేండ్లు ఒక ప్లేట్లో తిన్నోన్ని."

నేనేదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు. బాగాలేదని మాత్రం గుర్తుంది, ఎందుకంటే నేనే నవ్వలేదు. చాప పరిచి, దిండు విసిరి, అతను లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఉదయం పోపు వాసనకు మెలకువ వచ్చింది. ఉగ్గాని. నానబెట్టిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీలు. మా దిక్కు పొద్దున్నే సర్వపిండి ఉంటే పండగ. వీళ్ళకు మిరపకాయ పడితేనే తెల్లవారినట్టు. రెండో బజ్జీకి నా కళ్ళు కారాయి. రాత్రి సంగతికి బాధపడుతున్నానని అతను అనుకోవడానికి వీలుగా తుడుచుకోలేదు.

"బిల్డింగుకు నన్నడక్కుండానే పేరిచ్చినావంట?" అన్నాడు.

బజ్జీ ప్లేట్లో పెట్టేశాను. "నీకెట్ల తెలుసు?"

"నిన్న పొద్దున్నే ఓటీపీ వచ్చింది నా ఫోనుకు. నువ్వొస్తావని అప్పుడే తెలుసు. ఊరికే తెస్తానా ఇన్ని బొరుగులు?"

"అయితే వస్తవా?"

"నువ్వు అడగలేదు ఇంకా."

అడిగాను. అతను లేచి ట్రైపాడ్ భుజాన వేసుకున్నాడు. "ఫైలు దొరకదు గానీ, ఫోటో అన్నా తీస్తాం పా," అన్నాడు. హార్డ్ డిస్కు మాత్రం తన సంచిలోనే వేసుకున్నాడు.

గచ్చిబౌలి: రిజిస్టరు

బిల్డింగుకు అద్దాల తొడుగు వచ్చింది. ఎనిమిదో అంతస్తులో మేం పడుకున్న చోట ఇప్పుడు మీటింగ్ రూము. అప్పుడూ ఇప్పుడూ అక్కడ జరిగేది నిద్రే. మా అమ్మ మూడు ఇటుకలతో పొయ్యి పెట్టిన మూలలో కాఫీ మిషన్ ఉంది. దాని ముందు నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాను. ఓబులేసూ నిలబడ్డాడు. ఆ పొయ్యి మీది జొన్నరొట్టెలు అతనూ తిన్నాడు.

మాతో పైకి రావడానికి ఒక సెక్యూరిటీ గార్డును పంపారు. నెరిసిన మీసం, ఒక సైజు పెద్ద యూనిఫారం. నన్ను రెండుసార్లు చూసి రిజిస్టరు మూసేశాడు.

"నువ్వు నర్సిమ్మ కొడుకువు గాదు బిడ్డా? మల్లిగానివి?"

ఎల్లయ్య కాక. మా నాయినతో పాటు ఈ బిల్డింగుకే రాత్రి డ్యూటీ చేసినవాడు. కడుతున్నప్పుడు కాపలా కాశాడు. కట్టేశాక ఏదో ఏజెన్సీ తీసుకుని మళ్ళీ ఇక్కడికే వేసిందట.

"నాయిన మంచిగున్నడా? ఏ బిల్డింగుల ఉన్నరు ఇప్పుడు?"

"నార్సింగి కాడ కాక. ఇరవయ్యో అంతస్తు దాకా లేసింది."

"గట్లనా. పైకి పోయిండు మొత్తానికి." రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. "రూలు రూలే బిడ్డా. వచ్చిన పని రాయి."

ఇంగ్లిషు అక్షరాల్లో 'ఎండ్రికాయ' అని రాశాను.

కాక కళ్ళజోడు సరిచేసుకుని ఏం రాశానని అడిగి, చెప్పాక అన్నాడు, "ఎండ్రికాయ కోసం ఎవడన్న చెర్లకు వోతడు. నువ్వు లిఫ్టెక్కుతున్నవ్."

టెర్రస్

ఆదివారం గనక ఏసీ యంత్రాలు ఆగి ఉన్నాయి. అవి నడిస్తే టెర్రస్ అదిరి ప్రతి నక్షత్రమూ వానపాములా వస్తుంది. సూర్యుడు దిగాడు. చీకటి పడలేదు. ఈ వైపు చీకటి పడడం మానేసి చాలా రోజులైంది. ఆకాశం నారింజ రంగుకు మారి అక్కడే ఆగుతుంది. ఎర్రటి వెలుగును, ఆకుపచ్చ నీలం వెలుగును తప్ప మిగతాదాన్ని ఆపేసే ఫిల్టరు ఒకటి నా దగ్గరుంది. ఎండ్రికాయ ఆ రెండు రంగుల్లోనే ఎక్కువగా వెలుగుతుంది, అదీ ధైర్యం.

అసలు చిక్కు వేరే వచ్చింది. టెలిస్కోపు చుక్కల వెంట తిరగాలంటే దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. హైదరాబాదులో ధ్రువుడు చాలా కిందుగా ఉంటాడు. అటు చూస్తే కొత్త టవరు. అచంచలంగా నిలిచిన ధ్రువుడు సుమారు ముప్పై రెండో అంతస్తులో, ఎవరి బాల్కనీ వెనకో ఉన్నాడు.

"అయిపాయె," అన్నాను.

ఓబులేసు ఉత్తరపు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, మీది బండను అరచేత్తో తడమడం మొదలుపెట్టాడు. దాని మీద నాలుగు పూతల పెయింటు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"మా నాయన బండ ఇది. గమ్మునుండు." తడిమి తడిమి ఒకచోట ఆగాడు. "ఈడ చెయ్యి పెట్టు."

పెట్టాను. పెయింటు కింద సన్నటి గాడి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి ధ్రువుణ్ణి సరిగ్గా చూసుకుని, మళ్ళీ పదేళ్ళకు పనికొస్తుందని ఉలితో ఓబులేసు గీసిన గీత. వాళ్ళ నాన్న ఖరీదైన బండ పాడు చేశావని వాడికి రెండు తగిలించాడు. ఆ రెండు దెబ్బలకూ ఇవాళ లెక్క సరిపోయింది. నిజానికి పోలిక కోసం ఇదే టెర్రస్ కావాలని శాస్త్రమేమీ చెప్పదు. ఎండ్రికాయకు మేం ఎక్కడ నిలబడ్డామన్నది అనవసరం. కానీ ధ్రువుడు కనపడని ఊళ్ళో ఉత్తరం ఎటో చెప్పే బండ మాకు ఈ ఒక్కచోటే ఉంది.

గీత వెంట ఇరుసు పెట్టాం. అరగంట సర్దుకున్నాక చుక్కలు చుక్కల్లాగే వచ్చాయి. ఎద్దు కొమ్ము దాదాపు నెత్తి మీదే ఉంది. రెండేసి నిమిషాల ఫోటోలు, ఒకదాని తర్వాత ఒకటి, నలభై. మధ్యలో చేసే పనేమీ ఉండదు. ఎల్లయ్య కాక ఫ్లాస్కులోంచి టీ పోశాడు. మా నాయినా తనూ ఈ మూలనే కూర్చుని ఎన్ని రాత్రులు బీడీ పంచుకున్నారో చెప్పాడు. ఓబులేసు సకినాలు తీశాడు. ఎనిమిది మిగిల్చి తెచ్చాడు, లెక్కపెట్టి.

నలభై ఫోటోలనూ లాప్‌టాప్‌లో కలిపితే మసక మరక ఒకటి వచ్చింది. మెల్లగా దానికి ఎర్రటి కాళ్ళు మొలిచాయి. ముగ్గురం వంగి చూశాం.

"గిదేనా?" అన్నాడు కాక.

"ఇదే కాక. ఎంత పెరిగిందో సూద్దామంటే పాతది లేదు."

 ఓబులేసు పిట్టగోడ వైపు తిరిగిపోయాడు. కాక ఇంకా వంగాడు. లాప్‌టాప్ వెలుగు అతని జేబు మీది బ్యాడ్జి మీద పడింది. ఇంగ్లిషులో అతని పేరు. మొదటి అక్షరం, వై.

"ఓబులేశా," అన్నాను. "ఎల్లయ్యకు స్పెల్లింగ్ ఏంది?"

"వై, ఈ, రెండు ఎల్లులు..." ఆగిపోయాడు.

"ఎండ్రకాయ అని ఆ రోజు ఫైలుకు పేరెట్ల కొట్టినవ్ రా?"

"అందురూ కొట్టినట్లే. వైతో."

ఎల్లమ్మను, ఎల్లారెడ్డిని వైతో రాసే మనుషుల మధ్య పుట్టి పెరిగి, నేను మూడేళ్ళ కింద వై లేకుండా, ఈ అక్షరంతో వెతికాను. నిన్న కూడా ఈతోనే వెతికాను. హార్డ్ డిస్కు తగిలించి వైతో కొట్టాను. జిప్ ఫైలు ఒకటి, జాబితాలో అట్టడుగున. లోపల మా పాత ఫోటో. ఎక్స్ దాటి కిందికి ఎవడు పోతాడు?

"మూడేండ్లల ఒక్కసారన్నా నువ్వు వెతకలేదా?" అని అరిచాను.

"తుడపలేదని తెలిసినోడు ఎందుకు వెతుకుతాడప్పా?"

లాప్‌టాప్ అతని వైపు జరిపాను.

పాతదాని మీద కొత్తది పెట్టి, చుట్టూ ఉన్న చుక్కలన్నీ కలిసేలా సర్ది, ఒకటి మార్చి ఒకటి చూశాం. చుక్కలు కదల్లేదు. ఎండ్రికాయ కాళ్ళు మాత్రం కదిలాయి. అటొక పిక్సెల్, ఇటొక పిక్సెల్. పదేళ్ళకు, మొత్తం మీద రెండు.

"పదేండ్లల గింతేనా?" అన్నాడు కాక. "గచ్చిబౌలి జూడు, ఎట్ల వెరిగిందో."

"దాని పక్కన రింగు రోడ్డు పడలేదు గదా కాకా," అన్నాడు ఓబులేసు. అతను ఫోటోలు మార్చే మీటను నొక్కుతూనే ఉన్నాడు. పాతది, కొత్తది. పాతది, కొత్తది. ఎన్నిసార్లు నొక్కాడో నేను లెక్కపెట్టలేదు. నా కళ్ళల్లో అప్పుడు బజ్జీ కూడా లేదు.

తొమ్మిదిన్నరకు అనుమతి అయిపోయింది. కింద రిజిస్టరులో వెళ్ళే టైము రాసి సంతకం పెట్టి, పెన్ను ఓబులేసుకిచ్చాను. అతను సంతకం పెట్టి, కాసేపు పై గళ్ళ వైపు చూశాడు. వచ్చిన పని అన్న చోట నేను ఈతో మొదలుపెట్టి రాసిన మాట ఉంది. దాని ముందు ఒక వై చేర్చాడు.